ముప్పై ఒక్క పిక్కలు

వాగు ఎండిపోతే ఊరికీ అడవికీ మధ్య మిగిలేది ఒక్క మడుగే. ఇవతలి గట్టు మీద ఊరి పశువులు మేస్తాయి, అవతలి గట్టు మీద అడవి జంతువులు తిరుగుతాయి. వానలున్నన్నాళ్ళూ ఎవరి నీళ్ళు వాళ్ళవి, ఎవరి గొడవ వాళ్ళది. ఎండలు ముదిరాయంటే మాత్రం అందరి ముక్కులూ ఆ మడుగు వైపే తిరుగుతాయి. తెల్లారగానే ముందు దిగినవాళ్ళకు తేటనీళ్ళు, వెనక దిగినవాళ్ళకు బురద. కొట్టుకు చస్తే ఉన్న నీళ్ళు కూడా పాడవుతాయని ఎప్పటి పెద్దలో ఒక ఆట పెట్టారు. ఉగాది వెళ్ళిన మూడో రోజు రెండు గట్లవాళ్ళూ వాగు ఇసకలో వెలక్కాయాట ఆడాలి. గెలిచినవాళ్ళు ఆ వేసవంతా ముందు తాగాలి.

ఆట అర్థం కావడం కష్టమేం కాదు, ఆడటమే కష్టం. ఒకడు వెనక నిలబడి వెలక్కాయ విసురుతాడు. వాణ్ణి విసురుగాడంటారు. వాడి జట్టువాళ్ళు దాన్ని నోటితోనో కొమ్ములతోనో పట్టుకుని, ఎదుటివాళ్ళ గట్టు కింద ఉన్న తుమ్మమొద్దు దాటాలి. దాటితే ఒక గీటు. పట్టుకున్నవాణ్ణి మధ్యలో పడగొడితే, పడ్డ చోటి నుంచే తరవాతి విసురు. నాలుగు విసుర్లలో దాటలేకపోతే వెలక్కాయ ఎదుటివాళ్ళకు పోతుంది. విసురుగాడు తీరిగ్గా చూసుకుని విసురుతానంటే కుదరదు మరి. ఎదుటి జట్టులో ఒళ్ళున్న ప్రతివాడూ వాడి మీదికే దూకుతాడు.

ఇవతలి గట్టుకు పెద్ద బర్రె చెంద్రమ్మ. పోయినేడు ఇవతలి గట్టు ఒక్క గీటుతో ఓడింది. ఆ వేసవంతా చెంద్రమ్మ దూడ బురద తాగి, కడుపు పారుడు పట్టుకుని, ఎముకలు లెక్కపెట్టేట్టు అయిపోయింది. ఒక దశలో లేచి నిలబడలేకపోయింది కూడా. ఏదో తొలకరి వారం ముందుగా పడబట్టి బతికింది. మళ్ళీ ఎండలొస్తున్నాయంటేనే చెంద్రమ్మకు భయం. ఈ యేడు ఓడితే తన బిడ్డ దక్కదని ఆమెకు తెలుసు.

ఆ భయంలో ఉండగా వచ్చాడు ఊరి పొదల్లో ఉండే, ఇవతలి గట్టు జట్టువాడే అయిన గుంటనక్క భద్రయ్య, నోట రెండు ఆకుదొప్పలు కరుచుకుని.

"చెంద్రమ్మక్కా, మనం ఎందుకు ఓడామో చెప్పనా?"

"చివరి విసురు అవతలి పంది ఎగరేసుకుపోయాడు, అందుకు ఓడాం. అందరం చూశాంగా."

"చూస్తే సరిపోతుందా అక్కా? లెక్కుండాలి." భద్రయ్య దొప్పలు కింద పెట్టాడు. ఒకదాన్లో చింతపిక్కలు, ఇంకోదాన్లో గులకరాళ్ళు. "మనవాళ్ళు పట్టుకున్న ప్రతి విసురుకూ ఒక పిక్క వేశాను. నేలపాలైనదానికీ, ఎదుటివాళ్ళ పాలైనదానికీ ఒక రాయి. మన కోతి తిరుపాలు పోయినేడు ముప్పై విసిరాడు. పదహారు పిక్కలు, పద్నాలుగు రాళ్ళు. సగానికి సగం మట్టిపాలు! వాడా విసురుగాడు?"

పక్కనే నెమరేస్తున్న మేక లచ్చి తలెత్తింది. ఇవతలి గట్టున వెలక్కాయ పట్టడంలో దాని తరవాతే ఎవరైనా. "ఏంది భద్రయ్యా, అంతకు ముందు రెండేళ్ళు తిరుపాలు తాత విసిరితేనే కదా గెలిచాం?"

"అది నీ కాళ్ళ బలం లచ్చమ్మా. నీ గొప్ప నువ్వే తెలుసుకోలేకపోతున్నావు."

లచ్చికి ఆ మాట తియ్యగానే ఉంది కానీ మింగుడుపడలేదు. "తాత విసిరితే ఆగి పట్టుకోను. పరిగెత్తుతుంటే కాయే వచ్చి నోట్లో పడుతుంది. అది ఏ దొప్పలో వేశావు?"

"అదేం కనపడే వస్తువా, వెయ్యడానికి? పట్టావా లేదా, అంతే."

చెంద్రమ్మ పిక్కల వంక, రాళ్ళ వంక చూసింది. తిరుపాలు చెయ్యి తనకు తెలుసు. ఎన్నిసార్లో ఎలుగుబంటి మీద పడుతుంటే కూడా చలించకుండా నిలబడి, ఆఖరి క్షణంలో లచ్చి ఎక్కడికి పోతుందో అక్కడికి విసిరాడు. కానీ అది మాటల్లో పెట్టబోతే మాటలు రాలేదు. దొప్పలో రాళ్ళు మాత్రం ఎదురుగా కుప్పగా ఉన్నాయి.

"మరి ఏం చేద్దామంటావు?"

"అవతలి గట్టున ఒక బంగారం ఉందక్కా. రేపొచ్చి చూడు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గట్టు చివర నిలబడి చూశారు. అవతల ఇసకలో కొండముచ్చు సోమిగాడు విసురుతున్నాడు. ఒళ్ళంతా వెండి రంగు, బారెడు తోక, నిలబడితే చూడముచ్చట. వాడు విసరడం, ఎదురుగా దుప్పి పట్టడం. మళ్ళీ విసరడం, మళ్ళీ పట్టడం. ఒక్కటి కింద పడితే ఒట్టు.

"తొమ్మిది రోజులుగా లెక్కపెడుతున్నా అక్కా. మూడు వందల పిక్కలు. రాయి ఒక్కటంటే ఒక్కటి లేదు." భద్రయ్యకు మాట తడబడుతోంది. "నూటికి నూరు! మా తాతల నాడు కూడా వినలేదు."

"దుప్పి బాగా దగ్గర్లో నిలబడ్డట్టుందే?"

"దగ్గరైతేనేం, దూరమైతేనేం? పిక్క పిక్కే."

దూరపు కొండలు నునుపు, పెరటి చెట్టు మందుకు పనికిరాదు. ఈ రెండు సామెతలూ చెంద్రమ్మ తన దూడకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఆ పొద్దున ఒక్కటీ గుర్తు రాలేదు. బక్కచిక్కిన దూడ మాత్రం గుర్తొచ్చింది. సరే పద, అడిగి చూద్దామంది.

అవతలి గట్టుకు పెద్ద ఏదుపంది పుల్లయ్య. ముసలివాడు, నిదానస్తుడు, ఒక మాటకు రెండుసార్లు దగ్గుతాడు. మడుగు ఒడ్డున కూర్చుని దుంప కొరుక్కుంటున్నవాడు వీళ్ళను చూసి లేచాడు.

"రా చెంద్రమ్మా, రా. దూడెట్టా ఉంది? రావయ్యా భద్రయ్యా, ఇన్నాళ్ళకు దారి తప్పావు."

"పుల్లయ్య మామా, సూటిగా అడుగుతా," అన్నాడు నక్క. "సోమిగాణ్ణి మాకివ్వు. కోతిజాతి ఎటూ రెండు గట్ల మీదా తిరిగేదే. మా తిరుపాలును నువ్వు తీసుకో."

పుల్లయ్య చేతిలో దుంప జారి కింద పడింది. "సోమిగాణ్ణా? ప్రాణం అడుగు అల్లుడూ, ఇస్తాను. వాణ్ణి మాత్రం అడక్కు."

"ఎందుకు మామా అంత మాట?"

"ఎందుకేందయ్యా, చూశావుగా! వాడు విసిరింది నేల తాకిందా ఎప్పుడైనా? ఆ సగం రాళ్ళ ముసలాణ్ణి పెట్టుకుని నేనేం చేసుకోను?" పుల్లయ్య దగ్గాడు. "అయినా నీ లెక్క నీకుందిగా, నాకెందుకు చెప్పటం."

తన లెక్క అవతలి గట్టు దాకా పాకిందనేసరికి భద్రయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "ఏదైనా పైన వేసుకో మామా. ఊరికే వద్దులే."

"వద్దయ్యా, వద్దు. మా ఎలుగు ఊరుకోడు, మా దుప్పులు ఊరుకోవు..."

"మడుగు పక్క ఈతచెట్ల నీడ మాది కదా. మిట్టమధ్యాహ్నం మా బర్రెలు పడుకునే నీడ. అది కూడా నీకే."

చెంద్రమ్మ ఉలిక్కిపడింది. "భద్రయ్యా, నీడ కూడానా?"

"గెలిచాక నీళ్ళలోనే పడుకుందువులే అక్కా, నీడెందుకు?" అని చెవిలో ఊదాడు నక్క.

పుల్లయ్య చాలాసేపు నేల చూశాడు. ఆకాశం చూశాడు. రెండుసార్లు దగ్గాడు. "పిల్లతల్లి ఇంత దూరం నడిచొస్తే కాదనలేను. అయితే మాటంటే మాటే. మడుగులో కాలు ముంచి చెప్పాలి."

మడుగులో కాలు ముంచి చెప్పిన మాటకు తొలకరి దాకా తిరుగు లేదు. అది రెండు గట్లకూ తెలిసిన కట్టుబాటు. చెంద్రమ్మ ముందుకాలు ఎత్తింది. ఒక్క క్షణం అట్లాగే ఆగింది. తరవాత ముంచింది.

తిరుపాలుకు ఆ సంగతి చెప్పడం ఆమెకు కష్టమే. చెప్పాల్సింది ఆమే కాబట్టి చెప్పింది. ముసలి కోతి చింతకొమ్మ మీద కూర్చుని, వాచిన మణికట్టు ఒత్తుకుంటూ విన్నాడు.

"పద్నాలుగు రాళ్ళు వేశాడా నాకు? సరే. అందులో ఆరు నేనే పారేసినవి అమ్మాయ్. ఎలుగు మీద పడుతుంటే, పట్టుకునేవాళ్ళెవరూ ఖాళీగా లేకపోతే, ఎవరికీ అందని చోటికి గిరాటేస్తాను. అట్లా చెయ్యకపోతే కాయ వాళ్ళకు పోయేది. అది నీకు తెలియదా?"

"తెలుసు మామా."

"తెలిసీ పంపిస్తున్నావా?"

చెంద్రమ్మ తల ఎత్తలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేలాడిపోయాయి. "నా బిడ్డ, మామా... లెక్కలో తప్పు కనపళ్ళేదు నాకు."

"నాకూ బాధగానే ఉంది. పదేళ్ళు ఈ గట్టు కోసం ఒళ్ళు విరగ్గొట్టుకున్నా," అన్నాడు తిరుపాలు. "అవతల ఆడితే మాత్రం ఆడినట్టే ఆడతాను. తరవాత నన్ను అనొద్దు." కొమ్మ దిగి, వెనక్కి చూడకుండా ఇసకలో నడిచి వెళ్ళిపోయాడు.

ఆట రోజు వచ్చింది. రెండు గట్లూ జంతువులతో కిటకిటలాడాయి. భద్రయ్య ఎత్తైన రాయెక్కి దొప్పలు సర్దుకున్నాడు. సోమిగాడికి ఒక జత, తిరుపాలుకు ఒక జత.

మొదటి వెలక్కాయ సోమిగాడి చేతికొచ్చింది. పక్కనే ఉన్న పొట్టేలుకు అందించినట్టు విసిరాడు. పొట్టేలు పట్టాడు. రెండడుగులు వేసేలోపు అడవిపంది వచ్చి కుమ్మి పడగొట్టాడు.

"పిక్క!" అని అరిచాడు నక్క.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది ఒక అడుగు వెనక్కే పోయింది. నాలుగు పిక్కలు పడ్డాయి. తుమ్మమొద్దు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, వెలక్కాయ అవతలివాళ్ళకు పోయింది.

ఇప్పుడు తిరుపాలు. మొదటి విసురు దుప్పి కొమ్ములకు తగిలి కింద పడింది. "రాయి!" రెండోది పారేశాడు. "రాయి! చూశావా అక్కా, చూశావా?" మూడోసారి ఇవతలి దున్నపోతులు మీదికి ఉరుకుతుంటే ముసలి కోతి పక్కకు రెండడుగులు జరిగి, ఒళ్ళంతా విల్లులా వంచి విసిరాడు. వెలక్కాయ అందరి తలల మీద నుంచి పోయింది. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. కాయ దిగే వేళకు మాత్రం దుప్పి అక్కడ ఉంది. పరుగు ఆపకుండానే పట్టుకుని తుమ్మమొద్దు దాటేసింది.

అవతలి గట్టు కేరింతలు కొట్టింది. గీటు పడింది.

"మూడింటికి ఒక్క పిక్క," అన్నాడు భద్రయ్య తాపీగా. "ముందు ముందు తేలుతుందిలే అక్కా, చూడు."

ముందు ముందు తేలింది ఏమిటంటే, సోమిగాడు అంత దూరం, ఇంత దూరం అని లేదు, అసలు దూరమే విసరడు. పొట్టేలుకు అందిస్తాడు, దున్నకు అందిస్తాడు. లచ్చి అల్లంత దూరాన ఒంటరిగా ఎగిరి ఎగిరి పిలుస్తున్నా దాని వైపే చూడడు. ఎలుగు మీదికొస్తే వెలక్కాయను కడుపులో పెట్టుకుని ముడుచుకుపోతాడు. ఎలుగు వచ్చి వాడి మీద కూర్చుంటాడు. అట్లా నాలుగుసార్లయింది.

"అది ఏ దొప్పలో వేస్తావు భద్రయ్యా?" అని అరిచింది లచ్చి, ఒగరుస్తూ. "పది అడుగులు వెనక్కి పోయాం!"

"విసరనే లేదు కదమ్మా. విసరనిది విసుర్ల లెక్కలోకి ఎట్లా వస్తుంది?"

ఎండ నడినెత్తికొచ్చేసరికి అవతలివాళ్ళకు మూడు గీట్లు, ఇవతల ఒక్కటీ లేదు. ఆట కాసేపు ఆపారు. నీడ ఎటూ పోయింది కాబట్టి చెంద్రమ్మ ఎండలోనే నిలబడి సోమిగాణ్ణి పిలిచింది.

"ఏరా అబ్బాయ్, లచ్చి అక్కడ ఖాళీగా ఉంది. దూరం విసరవేం?"

కొండముచ్చు తల గోక్కున్నాడు. "తప్పితే రాయి పడుతుంది కదక్కా."

"పడనీ!"

"అమ్మో, నన్ను తెచ్చుకుంది రాయి లేదనే కదా. పడితే మీరేమంటారో ఏమో." వాడిలో కపటమేం లేదు. పాపం, నిజంగానే భయపడుతున్నాడు.

భద్రయ్య రాయి మీది నుంచి దూకి వచ్చాడు. "అక్కా, వాణ్ణి చెడగొట్టకు! ఇరవైకి ఇరవై నడుస్తోంది. ఇట్లాంటిది మళ్ళీ ఈ జన్మలో చూడం."

"మూడు గీట్లు వెనకబడి ఉన్నామురా!"

"గీట్లు జట్టువి. పిక్కలు వీడివి. వీడి తప్పేముంది ఇందులో?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఏం వాదిస్తాం. చెంద్రమ్మ వాణ్ణి కొమ్ముతో పక్కకు నెట్టి, సోమిగాడితో చెప్పింది: "ఈసారి లచ్చికి వెయ్యి. రాయి పడితే నా మీద పడనీ."

సోమిగాడు నిజంగానే ప్రయత్నించాడు. ఆట మొదలవగానే చెయ్యి వెనక్కి లాగాడు, లచ్చి వైపు చూశాడు. ఎలుగు వస్తున్నాడు. దగ్గర్లోని పొట్టేలు కనిపించాడు. అలవాటైన చెయ్యి అటే తిరిగింది.

"ఇరవై ఒకటి!" అని గంతేశాడు నక్క. చెంద్రమ్మ కళ్ళు మూసుకుంది.

పొద్దు వాలేటప్పటికి ఆట ముగిసింది. అవతలివాళ్ళకు నాలుగు గీట్లు, ఇవతల సున్నా. భద్రయ్యకు ఆ సంగతి పట్టనే లేదు. పిక్కలు రెండోసారి లెక్కపెట్టి, మూడోసారి కూడా లెక్కపెట్టి, పరిగెత్తుకుంటూ మడుగు దగ్గరికి వచ్చాడు. అక్కడ చెంద్రమ్మ, పుల్లయ్య, తిరుపాలు ఉన్నారు.

"ముప్పై ఒకటికి ముప్పై ఒకటి! తిరుపాలుకు ఇరవై ఆరింట పన్నెండే. లెక్క ప్రకారం ఈ ఆట మనదే అక్కా!"

పుల్లయ్య రెండుసార్లు దగ్గాడు. "అల్లుడూ, ఒక మాట చెప్పనా? సోమిగాడు మా దగ్గర నాలుగేళ్ళున్నాడు. ఏనాడూ ఆటలో దించలేదు. చెయ్యి చాచినంత దూరం దాటితే వాడికి రాదు. నువ్వు దొప్పలు పట్టుకుని గట్టు మీద కూర్చుంటున్నావని మా కాకి చెప్పింది. అప్పుడు దుప్పిని దగ్గర నిలబెట్టి, రోజూ నీ కళ్ళెదుట విసిరించాను. అంతకు మించి నేనేం చెయ్యలేదయ్యా. లెక్కంతా నువ్వే కట్టుకున్నావు, నీడ కూడా నువ్వే ఇచ్చావు."

భద్రయ్యకు గొంతులో వెలక్కాయ పడింది. తిరుపాలు వంక చూశాడు. ముసలి కోతి మణికట్టుకు తడిమన్ను పట్టించుకుంటున్నాడు.

"తిరుపాలూ, నువ్వైనా చెప్పొద్దూ, వాడికి దూరం రాదని?"

"నన్నెవరడిగారయ్యా? రాళ్ళు చూపించి పంపేశారుగా."

చెంద్రమ్మ తన ముందుకాలు చూసుకుంది. కాలు ముంచింది తను. లెక్క వాడిదైనా మాట తనదే.

మర్నాడు తెల్లవారగానే అవతలి గట్టు మడుగులో దిగింది. దుప్పులు తాగాయి, ఎలుగు తాగాడు, పందులు తాగి పొర్లాయి. తిరుపాలు దోసిలితో రెండు గుక్కలు తాగాడు. మూడో దోసిలి తాగకుండా రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి దూడ మూతి కింద పెట్టాడు. దూడ గబగబా నాకింది. మళ్ళీ వెళ్ళి ఇంకో దోసిలి తెచ్చాడు. అవతలివాళ్ళెవరూ అడ్డుచెప్పలేదు. గెలిచినవాడి నీళ్ళు గెలిచినవాడి ఇష్టం.

"మామా," అంది చెంద్రమ్మ, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "రోజూ తెస్తావా?"

"దాని కడుపుకు సరిపడా తెస్తాలే. నీకు తేలేను, నువ్వు బర్రెవి."

ఆ ఏడుపులోనూ ఆమెకు నవ్వొచ్చింది.

అవతలివాళ్ళు ఎక్కిపోయాక ఇవతలి గట్టు వంతు వచ్చింది. ఓడిన గట్టులో ఎవరి వెనక ఎవరు తాగాలో పెద్ద చెప్పాలి. చెంద్రమ్మ ముసలివాళ్ళను పిలిచింది, లచ్చిని పిలిచింది, పొట్టేలును పిలిచింది. సోమిగాణ్ణి కూడా పేరు పెట్టి పిలిచింది. వాడి తప్పేమీ లేదు, రానిది వచ్చని వాడెప్పుడూ చెప్పలేదు. తరవాత తను తాగింది. భద్రయ్య నాలుక వేలాడేసుకుని చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, నేను..."

"నీకు దాహమేందిరా? నూటికి నూరు వచ్చినవాడివి. ముప్పై ఒక్క పిక్కలున్నాయిగా, చప్పరించు."

అందరూ ఎక్కాక నక్క మడుగులో దిగాడు. నీళ్ళు లేవు. పందుల అడుగుల గుంటల్లో చిక్కటి బురద మాత్రం ఉంది. ఒక్కో గుంటా నాక్కుంటూ, అలవాటు కొద్దీ లెక్కపెట్టుకుంటూ పోయాడు. ముప్పై ఒక్క గుంటలు నాకినా గొంతు తడవలేదు.

ఎన్ని విసిరాడో లెక్కలో ఉంటుంది, ఎందుకు విసిరాడో ఆటలో ఉంటుంది. ఆట చూడనివాడికి లెక్క చెప్పేది అబద్ధమే.